మౌనము అంగీకారము కాదు
(వార్తల నందుకొని పంపు లినక్సు సర్వరులను గూర్చి సమితి సాంస్కృతికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికమీద సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట మన సమితి ఆచారము. ఈ పర్యాయము కార్యదర్శిగారు, మనము చేయు ఉద్యోగముల సంగతి కూడ మన భాషలో ఒకమారు చెప్పుకొనుట మంచిది గదా యని నన్ను కోరినారు. కోరిక సమంజసమైనది. మనలో పెక్కుమంది వాతావరణ శాఖలోను, రైల్వేలలోను, తపాలా, దూరసంచార శాఖలలోను, లెక్కల కార్యాలయములలోను పనిచేయుచున్నారు. ఇంటివారికి మాత్రము, "సర్వరు ఆగిపోయినది, రాత్రికి రాను" అను ఒక్క మాటయే చేరుచున్నది. ఆ సర్వరు ఏమి చేయును? అది నిజముగా ఆగినదో లేదో ఎట్లు తెలియును? తెలిసికొనుటలో ఆలస్యమైనచో నష్టపోవువా రెవరు? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానములు మనవి చేసెదను.

రిలే అను మాట మనకు క్రొత్తది కాదు. తంతి కాలమున దూరమైన ఊరికి వార్త పంపునపుడు విద్యుత్ సంకేతము దారిలో బలహీనపడెడిది. అందుచేత నడుమ నడుమ రిలే అను పరికరము నుంచెడివారు. అది బలహీనమైన సంకేతము నందుకొని, క్రొత్త బలముతో ముందునకు పంపెడిది. మన దేశమున తంతి సేవ 2013 జులైలో ముగిసినది గాని, రిలే చేయు పని ముగియలేదు. నేటి డేటా రిలే సర్వరు ఆ పరికరమునకు వారసురాలు. ఇది అందుకొనుట, పంపుట మాత్రమే గాక, పంపువరకు వార్తను వరుసలో భద్రపరచును. ఏది వచ్చినది, ఎప్పుడు వచ్చినది, ఎవరికి పోయినది అను సంగతి పంక్తి వెంట పంక్తిగా వ్రాసియుంచును. ఈ వ్రాతనే ఆంగ్లమున లాగ్ అందురు. మన షావుకార్లు ఏ దినపు వ్యవహారము ఆ దినము వ్రాసుకొను చిట్టా వంటి దది. కావున నేను దానిని చిట్టా యనియే పిలిచెదను.

ఇట్టి సర్వరులలో మిక్కిలి తరచుగా కనబడునది లినక్సు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నెలు దీనికి మూలము. చిట్టా వ్రాయు పద్ధతి అంతకంటె పాతది. 1980 దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో ఎరిక్ ఆల్మన్ తాను వ్రాసిన తపాలా ప్రోగ్రాము కొరకు సిస్‌లాగ్ అను ఏర్పాటు చేసినాడు. అదియే పెరిగి నేడు పెక్కు యంత్రములకు అలవాటైనది.

మన వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. పూర్వము పరిశీలకుడు కొలపాత్రలోని వర్షమును కొలిచి తంతి పంపెడివాడు. నేడు ఆ పనిని చాలచోట్ల స్వయంచాలిత కేంద్రములు చేయుచున్నవి. వర్షము, గాలి, ఉష్ణోగ్రత, పీడనము కొలిచి, కొన్ని ఉపగ్రహము ద్వారమునను, కొన్ని మొబైలు టెలిఫోను మార్గమునను పంపుచున్నవి. 2013లో ప్రయోగించిన ఇన్సాట్-3డి, 2016లో ప్రయోగించిన ఇన్సాట్-3డిఆర్, 2024లో ప్రయోగించిన ఇన్సాట్-3డిఎస్ ఉపగ్రహములలో ఇట్టి వార్తల నందుకొని క్రిందికి పంపుటకే డేటా రిలే ట్రాన్స్‌పాండరు అమర్చబడినది. ఆకాశమున అది యొక రిలే. భూమిమీద సర్వరు మరియొక రిలే. గొలుసులో ఏ కొంకి ఊడినను చివరనున్నవానికి కనబడున దొక్కటే: వార్త లేదు.

ఈ "వార్త లేదు" అను మాట దగ్గరనే నా ప్రసంగము నిలుచుచున్నది. మౌనము అర్ధాంగీకారమని మనవారి నానుడి. పెండ్లి మాటలలో అది చెల్లునేమో గాని, యంత్రముల విషయమున చెల్లదు. వర్షము సున్న అని వార్త వచ్చుట వేరు. వర్షమును గూర్చి వార్తయే రాకపోవుట వేరు. మొదటిది కొలత, రెండవది అజ్ఞానము. పటములో ఈ రెంటికి ఒకే ఖాళీ గడి నిచ్చినచో, చూచువాడు ఆ అజ్ఞానమునే క్షేమముగా భ్రమపడును. సముద్రతీరమున పుట్టిన మనకు ఈ భేదము చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు, టెలిఫోను సంబంధములు తెగిపోయినవి. ఎక్కడ ఆపద ఎక్కువయో అక్కడనే స్తంభములు కూలును, తీగెలు తెగును, కేంద్రము మూగపోవును. కాబట్టి ఒక్కొక్కప్పుడు ఆ మౌనమే అన్నిటికంటె పెద్ద వార్త.

ఒక కార్యాలయమున వర్షాకాలపు రాత్రి జరిగిన సంగతి ఆధారముగా ఈ విషయమును విశదపరచెదను. కార్యాలయము పేరు మనకు అవసరము లేదు. అక్కడి లినక్సు సర్వరు 40 కేంద్రములనుండి 15 నిమిషముల కొకమారు వర్షపు లెక్క లందుకొని, వరద విభాగమునకును, పటములు గీయు యంత్రమునకును పంపుచుండెను. రాత్రి రెండు గంటల వేళ విధిలోనున్న ఉద్యోగి చూడగా, ఆ దినపు చిట్టా ఖాళీగా నున్నది. ఒక్క కేంద్రపు వార్తయు లేదు. ఎదుటి తెరమీద మాత్రము 40 కేంద్రములకును పచ్చదీపములు వెలుగుచున్నవి. క్షేత్ర కార్యాలయమునకు ఫోను చేయగా, మేము పంపుచున్నాము, లోపము మీదే యని వారనిరి. మాకు రాలేదు, లోపము మీదే యని వీరనిరి. ఇట్టి వాదము మన కార్యాలయములలో ఎన్నిమారులు వినియుందుమో లెక్కలేదు.

అట్టి వేళ అందరికి తోచు మొదటి ఉపాయము యంత్రము నాపి మరల నడపుట. ఆ రాత్రి అక్కడి పెద్ద ఉద్యోగి దానిని వలదన్నాడు. అతని కారణము వినదగినది. లినక్సులో సిస్టమ్‌డి జర్నల్ అను చిట్టా కలదు. డిస్కుమీద దానికి వార్, లాగ్ సంచులలో జర్నల్ అను చోటు ముందుగా ఏర్పరచనిచో, పెక్కు యంత్రములలో అది జ్ఞాపకశక్తిలోనే నిలిచియుండును. యంత్రము ఆపి నడపినంతనే తుడిచిపెట్టుకొని పోవును. తెరచియున్న సంబంధములు, నిండియున్న వరుసలు, ఏ ప్రోగ్రాము ఎక్కడ చిక్కుకొన్నదో తెలుపు ఆనవాళ్లు కూడ దానితో పోవును. యంత్రము మరల నడచిన నడువవచ్చును. ఎందుకు ఆగినదో మాత్రము ఎన్నడును తెలియదు. కనుక మొదట కాగితముమీద గడియారపు వేళ వ్రాయవలెను. కనబడుచున్నది కనబడినట్లు వ్రాయవలెను. చిట్టాల ప్రతి యొకటి వేరొక యంత్రమున దాచవలెను. తరువాతనే చేయి పెట్టవలెను.

ఇక పరిశోధన. చిట్టా ఖాళీగా నుండుటకు రెండర్థములు గలవు. వార్తలు రాకపోవచ్చును; లేదా, వార్తలు వచ్చుచున్నను చిట్టా వ్రాయుట ఆగియుండవచ్చును. వార్తలు చేరినవని చెప్పవలసిన సాక్షి మూగవోయినప్పుడు, వార్తలు రాలేదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. ముందు సాక్షి బాగుగానున్నాడా యని విచారింపవలెను.

సాక్షిని పరీక్షించుట సులభము. లాగర్ అను ఆజ్ఞతో ఒక గుర్తుమాట పంపి, అది చిట్టాలోనికి వచ్చినదా యని చూడవలెను. సిస్‌లాగ్ వ్యవస్థ బ్రతికియున్నదో లేదో దీనివలన తెలియును. రాకున్నచో డిస్కు నిండినదేమో డి.ఎఫ్. అను ఆజ్ఞతో చూడవలెను. ఇక్కడ మూడు మోసములు గలవు. మొదటిది: చోటు మిగిలియున్నను ఐనోడులు, అనగా ఫైళ్ల వివరముల పట్టికలోని గడులు, అయిపోవచ్చును, చిన్న చిన్న వార్తలను లక్షల ఫైళ్లుగా దాచు సర్వరులలో ఇది తరచు జరుగును. డి.ఎఫ్. ఆజ్ఞకు హైఫన్ ఐ చేర్చినగాని ఇది కనబడదు. రెండవది: ఎవరో పెద్ద చిట్టాను చెరిపివేసినను, దానిని తెరచియుంచిన ప్రోగ్రాము మూయువరకు ఆ చోటు ఖాళీకాదు. ఫైళ్ల మొత్తము తక్కువగాను, డిస్కు నిండుగాను కనబడును. ఎల్.ఎస్.ఓ.ఎఫ్. అను ఆజ్ఞ ఇట్టి ప్రోగ్రామును పట్టి యిచ్చును. మూడవది మిక్కిలి చమత్కారమైనది. ఈ.ఎక్స్.టి.4 పద్ధతిలో డిస్కును సిద్ధపరచునపుడు సాధారణముగా 5 శాతము చోటు యజమానియైన రూట్ ఖాతాకు ప్రత్యేకింపబడును. డిస్కు నిండినపుడు సామాన్యపు ఖాతాతో నడచు ప్రోగ్రాము వ్రాయలేదు గాని, రూట్ ఖాతాతో పరీక్షించు అధికారి వ్రాయగలడు. అంతయు బాగుగనే యున్నదని అతడు వెడలిపోవును! అందుచేత ఏ ఖాతాతో పని జరుగునో ఆ ఖాతాతోనే పరీక్ష జరుపవలెను.

వేగమునకు కూడ ఒక హద్దు గలదు. జర్నల్ సాధారణ నియమము ప్రకారము ఒక సేవనుండి 30 సెకండ్లలో 10,000 పంక్తులకు మించి వచ్చినచో మిగిలినవానిని వ్రాయదు. ఇన్ని పంక్తులు విడిచితినని ఒక్క మాట మాత్రము వ్రాయును. ఆ ఒక్క మాటను చదువనివాడు, వార్తలే తగ్గిపోయినవని తలంచును.

ఆ రాత్రి సంగతికి వత్తము. గుర్తుమాట చిట్టాలో కనబడినది. డిస్కులో చోటున్నది. అప్పుడు పెద్ద ఉద్యోగి నిన్నటి చిట్టా తెరచి చూచినాడు. ఆశ్చర్యము! నిన్నటి పుస్తకములో ఈ దినము రాత్రి రెండు గంటల వరకు పంక్తులు పడుచునే యున్నవి. చిట్టాలు అపరిమితముగా పెరుగకుండుటకు లాగ్‌రొటేట్ అను ఏర్పాటు ప్రతిదినము పాత పుస్తకమునకు పేరు మార్చి, క్రొత్త పుస్తక ముంచును. అయితే వ్రాయుచున్న ప్రోగ్రామునకు ఫైలు పేరుతో పని లేదు. తాను తెరచి పట్టుకొన్న పుస్తకముతోనే పని. పుస్తకము మారినదని దానికి ఒక సంకేతము ద్వారా తెలుపవలెను. ఆ వారముననే ప్రోగ్రామును నవీకరించినపుడు దాని పేరు మారినది. సంకేతము పంపు ఆజ్ఞలో మాత్రము పాత పేరే మిగిలిపోయినది. సంకేతము ఎవ్వరికి నందలేదు. గుమాస్తా అలమారలోనికి పోయిన పాత రిజిస్టరులోనే శ్రద్ధగా వ్రాయుచు కూర్చుండెను. అనగా వార్తలు వచ్చుచునే యున్నవి!

అందరు ఊపిరి పీల్చుకొన్నారు. కొందరు ఇంటికి పోవుటకు లేచినారు. సాధారణముగా పరిశోధన ఇక్కడ ముగియును, ముగియుటయే ప్రమాదము. పెద్ద ఉద్యోగి ఆ పాత పుస్తకపు కడపటి పంక్తులలోని కేంద్రముల పేర్లను ఒక్కొక్కటిగా లెక్కించినాడు. 37 మాత్రమే యున్నవి. మూడు కేంద్రములు రాత్రి 11 గంటల 10 నిమిషములనుండి నిజముగానే మాటాడలేదు. ఆ మూడును ఒకే నదీలోయలో, కొండల పైభాగమున నున్నవి. సాక్షి మౌనమును, వార్తల మౌనమును ఒకే రాత్రి కలిసివచ్చినవి. ఒక లోపము దొరికినంతనే రెండవదానిని మరచుట మనుష్య స్వభావము.

మరి పచ్చదీపము లెందుకు వెలుగుచున్నవి? టి.సి.పి. అను పద్ధతిలో రెండు యంత్రముల నడుమ సంబంధ మేర్పడిన పిమ్మట, ఒకవైపు యంత్రము వీడ్కోలు చెప్పకయే మాయమైనచో, ఏమియు పంపక కేవలము వినుచు కూర్చున్న రెండవ యంత్రమునకు ఆ సంగతి తెలియు మార్గము లేదు. సంబంధ మున్నదనియే అది చెప్పుచుండును. అప్పుడప్పుడు పలుకరించి చూచుటకు కీప్-అలైవ్ అను ఏర్పాటు గలదు గాని, దానిని ప్రోగ్రాము కోరవలెను. కోరినను లినక్సు సాధారణ నియమము ప్రకారము మొదటి పలుకరింపు 7,200 సెకండ్లకు, అనగా రెండు గంటలకు గాని జరుగదు. తెరమీది దీపము సంబంధమును చూచుచుండెను గాని వార్తను చూచుటలేదు. తలుపు తెరచియున్నంతమాత్రమున ఇంటిలో మనుష్యు లున్నారని చెప్పగలమా?

అంతకంటె ఘోరమైన సంగతి మరియొకటి బయటపడినది. మొత్తము లెక్క తయారుచేయు ప్రోగ్రాము వార్త రాని గడిలో 0 వేయుచుండెను. కొండమీద కుండపోతగా కురియుచున్న రాత్రి, పటములో ఆ లోయయందు వర్షము లేదని కనబడుచుండెను. తెల్లవారకమునుపే ఆ లోయలోని ఉపకార్యాలయమును వేరొక మార్గమున పిలిచి, మనుష్యులచేత కొలతలు తెప్పించి, వరద విభాగమునకు అందజేసినారు. మూడు కేంద్రములకును ఆధారమైన టెలిఫోను స్తంభము పనిచేయుట లేదని తరువాత తెలిసినది. ఆ పెద్ద ఉద్యోగి 37తో తృప్తిపడియున్నచో, తెల్లవారువరకు ఆ సున్నలే నిజమై చెలామణి యయ్యెడివి.

వార్త నిజముగా అందనప్పుడు ఎక్కడ ఆగినదో కనుగొనుటకు దాని దారిలోని ద్వారములను వరుసగా తట్టవలెను. మొదటి ద్వారము యంత్రపు ముంగిలి. టి.సి.పి.డంప్ అను సాధనము తీగెవెంట వచ్చిన ప్రతి పాకెట్టును చూపును. అక్కడ ఏమియు లేనిచో లోపము సర్వరుకు వెలుపలనే యున్నది. లోపలి అమరికలను గెలుకుట వ్యర్థము. రెండవ ద్వారము ఫైర్‌వాల్. లోనికి వచ్చు పాకెట్లను టి.సి.పి.డంప్ ఫైర్‌వాల్ కంటె ముందుగానే చూచును. ఈ ఒక్క సంగతి తెలియక, పాకెట్లు కనబడుచున్నవి గనుక ఫైర్‌వాల్ దోషము లేదని వాదించువారు పెక్కుమంది గలరు. నిజమున కది వీథిగుమ్మమున నిలిచి చూచుట. కావలివాడు తరువాత నున్నాడు. రెండు నెట్‌వర్కు తీగెలు గల సర్వరులలో, ఒక తీగెన వచ్చిన వార్తకు ప్రత్యుత్తరము మరియొక తీగెన పోవలసియున్నచో, కెర్నెలు దానిని అనుమానించి చప్పుడు లేకుండ విడుచుటయు గలదు.

మూడవ ద్వారము పోర్టు. ఎస్.ఎస్. అను ఆజ్ఞతో ఏ ప్రోగ్రాము ఏ పోర్టులో ఏ చిరునామామీద వినుచున్నదో చూడవలెను. 127.0.0.1 అను చిరునామామీద వినుచున్నచో తన యింటివారి మాట మాత్రమే వినును; వెలుపలివారి పిలుపు దానికి చేరదు. నాలుగవది, చదువుట కెదురుచూచు వరుస. అదే ఆజ్ఞ చూపు రిసీవ్-క్యూ అను అంకె పెరుగుచు పోవుచున్నచో, వార్త యంత్రములోనికి వచ్చినది గాని ప్రోగ్రాము చదువుటలేదని యర్థము. యు.డి.పి. పద్ధతిలో పంపిన వార్తలైనచో ఆ వరుస నిండినంతనే క్రొత్తవి రాలిపోవును. పంపినవానికి రసీదు లేదు, అందుకొనవలసినవానికి సమాచారము లేదు; కెర్నెలులోని ఒక లెక్కలో మాత్రము అంకె పెరుగును. సిస్‌లాగ్ పాత పద్ధతి యు.డి.పి. 514వ పోర్టుమీదనే నడచుచున్నది గనుక, ముఖ్యమైన చిట్టాలను టి.సి.పి. మార్గమున పంపుట మేలు. ఐదవది ప్రోగ్రాము యొక్క నియమములు. వార్త లోనికి వచ్చినను అది తిరస్కరింపవచ్చును.

ఈ ఐదవ ద్వారమునకు ఉదాహరణగా ఎల్.డి.ఎమ్. అను ప్రోగ్రామును చెప్పెదను. అమెరికాలోని యూనిడేటా సంస్థ విశ్వవిద్యాలయములకు వాతావరణ వార్తల నందించుటకు దీనిని రూపొందించినది. 388వ పోర్టుమీద ఒక సర్వరునుండి మరియొక సర్వరునకు వార్తలు పోవును. వచ్చినవానిని అది నిర్ణీత పరిమాణముగల వరుసలో నుంచును. నిండినపుడు పాతవానిని తొలగించి క్రొత్తవానికి చోటిచ్చును. ఒకే వార్త రెండు మార్గముల వచ్చినచో రెండవదానిని గుర్తించి విడుచును. సాధారణ నియమము ప్రకారము 3,600 సెకండ్లకు మించి పాతబడిన వార్తలను స్వీకరింపదు. ఈ నియమములన్నియు మంచివే. కాని వార్త పాతదో క్రొత్తదో తేల్చునది సర్వరు గడియారము గదా! గడియారము గంటకు మించి ముందునకు పరుగెత్తినచో, అప్పుడే పుట్టిన వార్తయు దానికి పాతదిగనే కనబడును.

మన దేశమున ఈ గడియారపు చిక్కు ఒక ప్రత్యేక రూపమున వచ్చును. భారత ప్రామాణిక కాలము 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశమును బట్టి నిర్ణయింపబడినది. ఆ రేఖ మన ఆంధ్రదేశమున కాకినాడ సమీపముగా పోవును. సార్వత్రిక కాలమునకును మన కాలమునకును 5 గంటల 30 నిమిషముల భేదము. వాతావరణ వార్తలు సార్వత్రిక కాలమున వ్రాయబడును. యంత్రపు లోపలి గడియారమున మన కాలము పెట్టి, అది సార్వత్రిక కాలమని లినక్సుకు చెప్పినచో, యంత్రము సరిగా 5 గంటల 30 నిమిషములు ముందునకు పోవును. అప్పుడు తీగె బాగుగనే యుండును, ద్వారములు తెరచియే యుండును, వార్తలు మాత్రము రాలిపోవుచుండును. రెండు చిట్టాల నడుమ ఈ అంకె కనబడినచో ఇతర కారణములు వెదకుటకు ముందు గడియారమును చూడవలెను.

ఈ విషయమున ప్రభుత్వాజ్ఞయు కలదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ జారీచేసిన ఆదేశముల ప్రకారము సంస్థలు తమ యంత్రముల గడియారములను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు లేక నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ కాల సర్వరులతోగాని, వానితో సరిపోలు సర్వరులతోగాని కలుపవలెను. చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెను. దీనిని పై కార్యాలయము పెట్టిన మరియొక భారముగా భావింపరాదు. రెండు యంత్రముల చిట్టాలు ఒకే కాలమును పలికిననే గాని, ఏది ముందు జరిగినది, ఏది పిమ్మట జరిగినదని ఎవ్వరును చెప్పజాలరు.

ఇక నివారణోపాయములు. ఇవి క్రొత్తవి కావు. తంతికాలమున వార్త ముందు మాటల సంఖ్య పంపెడివారు. అందుకొన్నవాడు లెక్కించి సరిపోయిన పిదపనే ఒప్పుకొనెడివాడు. లెక్కల శాఖ మిత్రులు ప్రతిదినము ఆదాయ వ్యయములు సరిచూచుకొందురు. అట్లే ప్రతి కేంద్రము తన వార్తకు క్రమసంఖ్య వేయవలెను. సర్వరులో వచ్చినవి ఎన్ని, పంపినవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, నిలువలో నున్నవి ఎన్ని అని గంట కొకమారు సరిచూడవలెను. వచ్చినవానికి మిగిలిన మూటి మొత్తము సరిపోలవలెను. పోలనిచో ఆ భేదమే మనకు దారి చూపును. వర్షము లేనపుడు కూడ కేంద్రము "నే నున్నాను, వర్షము 0" అని చెప్పవలెను. చెప్పని కేంద్రపు గడిలో "వార్త లేదు" అని స్పష్టముగా వ్రాయవలెను గాని 0 వేయరాదు. తెరమీది దీపము సంబంధమును బట్టి గాక, కడపటి వార్త వయస్సును బట్టి రంగు మార్చవలెను. చిట్టాలకు డిస్కులో వేరు భాగ ముంచినచో, చిట్టా నిండినను వార్తలకు చోటుండును. మార్గము తెగినపుడు కేంద్రము తన కొలతలను తనవద్దనే దాచి, తరువాత పంపగలుగవలెను. ప్రోగ్రామును నవీకరించిన దినమున, ఆ రాత్రి చిట్టా మారువరకు ఒకరు కనిపెట్టియుండవలెను.

చివరగా మనుష్యులను గూర్చి ఒక మాట. ఆ రాత్రి క్షేత్రమువారు తాము పంపుచున్నామన్నది 37 కేంద్రముల విషయమున నిజము, మూటి విషయమున అసత్యము. ప్రధాన కార్యాలయమువారు తమకు రాలేదన్నది మూటి విషయమున నిజము, 37 విషయమున అసత్యము. ఇరువురును నిజాయితీపరులే. ఇరువురును మొత్తమును గూర్చి మాటాడిరి గాని, ఏ కేంద్రము, ఏ వేళ, ఏ ద్వారము అని విడదీయలేదు. తప్పు ఎవరిదను ప్రశ్నకంటె వార్త ఎచ్చట నాగినదను ప్రశ్న ముందడిగినచో, సగము వాదములు పుట్టకయే పోవును. విధి ముగించి పోవు ఉద్యోగి తాను చూచినది, చేసినది, చేయక విడిచినది రిజిస్టరులో నాలుగు పంక్తులు వ్రాసిపెట్టినచో, తరువాత వచ్చువాడు మొదటినుండి తడవుకొనవలసిన పని యుండదు.

సోదరీమణులారా, మీ యింటివారు అర్ధరాత్రి సర్వరు కొరకు పోయినపుడు, ఒక ఇనుపపెట్టె కొరకు ఇంత హడావుడి యేలయని మీకు తోచుట సహజము. ఆ పెట్టెకు ఆవల ఏదో లోయలో నిద్రించుచున్న కుటుంబము లున్నవి. వారివద్దనుండి వార్త రానప్పుడు, వారు క్షేమముగా నున్నారని మన సౌకర్యము కొరకు తలంచుటకు మనకు అధికారము లేదు. అడిగి తెలిసికొనుటయే మన ఉద్యోగము.